మూడేళ్ల పాప చేతి మీదుగా

బుధవారం టీకాల రోజు. టీకాలను చల్లగా ఉంచే పెట్టె, వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాక్‌లు సర్ది భుజానికి తగిలించుకున్నప్పుడల్లా నాకు అన్నా డస్ట్‌హాల్ గుర్తొస్తుంది. 1802 జూన్ 14న బొంబాయిలో మశూచి టీకా వేయించుకున్న మూడేళ్ల పాప. మన దేశంలో ఆ టీకా మొదట పట్టింది ఆ పిల్లకే.

ఎండాకాలంలో ఐస్ కరుగుతుంటేనే నాకు టెన్షన్. అప్పుడు ఐసూ లేదు, ఫ్రిజ్‌లూ లేవు. ఇంగ్లండ్‌లో జెన్నర్ అనే డాక్టరు 1796లో మశూచికి టీకాగా వాడి చూపించిన ఆవు మశూచి రసి, ఇంత దూరం వచ్చేలోపు ఎండి పనికిరాకుండా పోయేది. అందుకని మనుషుల చేతుల మీదుగా నడిపించారు. ఒకరికి టీకా వేస్తే వారం రోజులకు పొక్కు లేస్తుంది. అందులోంచి రసి తీసి ఇంకొకరికి వేయాలి. అలా బాగ్దాద్, బస్రా దాటుకుని బొంబాయి చేరింది. మధ్యలో ఒక్కరికి పొక్కు సరిగ్గా లేవకపోయినా గొలుసు తెగినట్టే! అన్నా చేతి నుంచి తీసిన రసితో బొంబాయిలో మరికొందరు పిల్లలకు వేశారు.

ఈ పద్ధతిలో వేరే రోగాలు కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి. తర్వాత దూడల మీద రసి పెంచడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది.

అమ్మమ్మ జబ్బ మీద రెండు గుండ్రటి మశూచి టీకా మచ్చలుండేవి. చిన్నప్పుడు వేలితో తడిమేదాన్ని. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. మా అమ్మాయి చేతికి క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మచ్చ ఒక్కటే ఉంది.