ఓటు లేనివాళ్ల నీళ్లు

మర్రిగూడ మండలంలోని మా అమ్మమ్మ ఇంట్లో, వంటింటి గడప పక్కన ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉండేది. బోరింగు నీళ్లు అందులో పోసి, ముందు కాస్త సున్నం, తర్వాత దంచి పెట్టుకున్న పటిక వేసి, కట్టెతో మొదట గిరగిరా, ఆపైన నిదానంగా తిప్పి, గంటసేపు ఎవరినీ దాన్ని ముట్టనిచ్చేది కాదు. తెల్లటి మడ్డి అడుగుకు దిగాక, పైన తేరిన నీళ్లను పాత పంచె గుడ్డలో వడగట్టి బిందెలోకి పోసేది. అప్పటికే మా పెద్ద మేనమామ మోకాళ్లు వంకర తిరిగిపోయాయి. మెడ వంగదు కాబట్టి ఆయన గ్లాసు ఎత్తి తాగడానికి ఒళ్లంతా వెనక్కి వాల్చేవాడు. ఆ బకెట్టు ఆయన కోసం కాదు, మా కోసం.

నీళ్లలో ఎక్కువైతే ఎముకలను ఇలా వంకర తిప్పే ఫ్లోరైడును పటికతో, సున్నంతో తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని మా జిల్లా పేరుతోనే, నల్లగొండ పద్ధతి అని పిలుస్తుంది. తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ పొడవునా ఇదే పీడ ఉంది కాబట్టి టాంజానియాలోనూ ఇథియోపియాలోనూ ఈ పద్ధతిని వాడి చూశారు. దానికి పరిమితులున్నాయి, పటిక ఎక్కువ పడుతుంది, మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో చిక్కు. అయినా ఒక బీద జిల్లా బాధలోంచి పుట్టిన తెలివి సముద్రం దాటి మరో బీద ఊరి బకెట్టులోకి చేరిందన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది. విదేశీ సాయం అన్న మాట వింటే నా కళ్లముందు మెదిలేది ఈ బకెట్టే.

అందుకే 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్ చేసిన ప్రకటన నన్ను ఇంకా వదలడం లేదు. 2027 నాటికి రక్షణ ఖర్చును స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచుతామని, ఆ డబ్బు కోసం విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి తగ్గిస్తామని ఆయన చెప్పారు. విదేశీ సాయం వ్యవహారాలు చూస్తున్న మంత్రి అనెలీస్ డాడ్స్ ఈ కోతకు నిరసనగా రాజీనామా చేశారు. అదే ఏడాది జులై 1 నాటికి అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ, యూఎస్ఎయిడ్, తన పనులను ముగించింది. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే కోరింది. 2024లో అవన్నీ కలిసి ఇచ్చింది 0.33 శాతం, సుమారు 21,200 కోట్ల డాలర్లు. ఆ ఏడాది ప్రపంచం సైన్యాల మీద పెట్టిన ఖర్చు, స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం, 2,71,800 కోట్ల డాలర్లు, అంటే దాదాపు పదమూడు రెట్లు.

సైన్యం వద్దని నేను అనను, అనలేను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. మా చిన్నాయన కొడుకు లడఖ్‌లో రెండు చలికాలాలు కాపలా కాసి వచ్చాడు. వాడి బూట్లకూ కోటుకూ పెట్టే ఖర్చులో ఒక్క రూపాయి తగ్గించమని నా నోటితో అడగను. 2025-26లో మన రక్షణ బడ్జెట్టు 6.81 లక్షల కోట్లు. అందులో సుమారు 1.6 లక్షల కోట్లు పింఛన్లే, అంటే ముసలి జవాన్ల ఇళ్లకు చేరే డబ్బు. కాబట్టి రక్షణ ఖర్చంతా తుపాకులేనని, తుపాకులన్నీ పాపమని చెప్పడం నిజాయితీ కాదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. తుపాకీకి డబ్బు తక్కువైనప్పుడు ముందుగా చెయ్యి పడేది ఎవరి పళ్లెం మీద? సొంత దేశంలో పింఛను తగ్గిస్తే ఎన్నికల్లో ఓడిపోతారు, పన్ను పెంచినా ఓడిపోతారు. ఎక్కడో రిఫ్ట్ లోయలో నీళ్ల ట్యాంకుకు ఇచ్చే డబ్బు ఆపితే మాత్రం ఒక్క ఓటూ పోదు. ఓటు లేదన్న విషయం ఎంత పెద్దదో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపు మీద నీళ్ల కోసం మా వాళ్లు నామినేషన్లు వేస్తే నల్లగొండ బరిలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది, దేశమంతా మా ఫ్లోరైడు గురించి తెలుసుకుంది. నీళ్లు రావడానికి ఆ తర్వాత కూడా ఏళ్లు పట్టాయి. కానీ అడగడానికి మా చేతిలో ఓటన్న ఆయుధం ఉండింది. ఇథియోపియాలో కాళ్లు వంకర తిరిగిన పిల్లవాడి తల్లి లండన్‌లో నామినేషన్ వేయలేదు. ఎదురు మాట్లాడలేని వాళ్ల దగ్గర తీసుకోవడాన్ని పొదుపు అనడం నాకు తప్పుగా తోస్తుంది. రెండు పక్షాల్లో ఒకరే గొంతెత్తగలిగినప్పుడు, నిర్ణయించేవాళ్లు రెండో పక్షం కోసం మరింత జాగ్రత్తగా ఆలోచించడమే న్యాయం.

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని మా ఊళ్లోనే చాలామంది అంటారు. ఇంట్లో ఆకలి ఉండగా బయటికి పంపడమేమిటన్నది అసలు ప్రశ్నే, దాన్ని తోసిపుచ్చను. అయితే ఆ బేరం ఎంతదో కూడా చూడాలి. 2025-26లో మన దేశం ఇతర దేశాల సాయానికి కేటాయించింది 5,483 కోట్లు, రక్షణ బడ్జెట్టులో ఒక శాతం కూడా లేదు. అందులో ఒక్క భూటాన్‌కే 2,150 కోట్లు. మొత్తం ఆఫ్రికా ఖండానికి 225 కోట్లు. పైగా 1960లలో అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనది. ఆ గోధుమ వెనుక వాళ్ల రాజకీయం ఎంతో ఉంది, ఆ అవమానం మనవాళ్లు మర్చిపోలేదు, కానీ తిన్నవాళ్లు బతికారు.

1964 నుంచి మన ప్రభుత్వం ఐటెక్ అనే కార్యక్రమం కింద ఇతర దేశాల వాళ్లకు శిక్షణ ఇస్తోంది, మన నిపుణులను అక్కడికి పంపుతోంది. మర్రిగూడలో, మునుగోడులో, చండూరులో బోర్ల నీళ్లు పరీక్షించి చేయి తిరిగిన ఇంజనీర్లు, నేరుగా బాధ పడిన ఊళ్ల ఆడవాళ్లు మన దగ్గర ఉన్నారు. వచ్చే బడ్జెట్టు చర్చలో నల్లగొండ, భువనగిరి ఎంపీలు లేచి, ఆ 225 కోట్లకు మరికొంత కలిపి, రిఫ్ట్ లోయ ఊళ్లకు వీళ్లను పంపమని అడగాలని నా కోరిక. ఈ వారమే ఇద్దరికీ ఉత్తరాలు రాస్తున్నాను, మా అమ్మమ్మ బకెట్టు సంగతితోనే మొదలుపెట్టి.