చౌమహల్లా నుంచి ఆటోనగర్ దాకా

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ మోటర్‌ఖానాలో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందు మా బాబాయి చాలాసేపు నిలబడిపోయారు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని తెప్పించుకోవాలనుకున్నారు గాని, బండి చేరకముందే 1911లో కన్నుమూశారు. ఆ తర్వాత ఊరేగింపుల వంటి సందర్భాల్లోనే బయటికి తీయడంవల్ల అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. వెనుక సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఆసనాన్ని నేను చూస్తూ ఉంటే, జీవితమంతా లారీ నడిపిన బాబాయి చూపు మాత్రం ఛాసిస్ మీద, అంటే బండికి ఆధారమైన ఇనుప చట్రం మీద, బాడీ కూర్చున్న తీరు మీదే ఉంది. ఆ కాలంలో రోల్స్ రాయిస్ వారు ఇంజను, ఛాసిస్ మాత్రమే ఇచ్చేవారని, ఈ బండికి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ అని చెప్పాను. "అయితే మన బెజవాడ పద్ధతే గదరా! ఛాసిస్ ఒకళ్లది, బాడీ ఇంకొకళ్లది," అన్నారాయన. మరునాటి ఉదయమే ఇద్దరం విజయవాడకు బయలుదేరాము.

ఇప్పుడు 65వ నెంబరు జాతీయ రహదారి అంటున్న ఈ దారి ఆయనకు ఈనాటికీ తొమ్మిదో నెంబరు రోడ్డే. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటి నాలుగు వరుసల రోడ్డు మీద కారు హాయిగా సాగిపోతూ ఉండగా, ఆయన పాత రోడ్డును వర్ణించారు. ఎదురుగా మరో లారీ వస్తే ఎడమ చక్రాలను మట్టిలోకి దింపక తప్పని ఇరుకు, రెండు పక్కలా చింతచెట్లు, రాత్రి ఎదుటి బండికి దారి ఇస్తున్నట్టు లైట్లు తగ్గించి చూపే మర్యాద, ఇవన్నీ ఆయన మాటల్లో ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి. బండి ఎత్తు మీద ఆగితే క్లీనరు ముందు కిందికి దూకి చక్రం వెనక చెక్క పెట్టేవాడట. బ్యాటరీ దిగిపోయిన లారీని జనం చేత తోయించి స్టార్టు చేయడం మామూలు సంగతి. అంతకు ముందు తరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువైనప్పుడు నడిచిన బొగ్గు బస్సుల ముచ్చట్లు ఆయన తన తండ్రి నోట విన్నారు. బస్సుకు తగిలించిన పొయ్యిలో బొగ్గు రాజేసి, దాని నుంచి వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. బయలుదేరే ముందు పొయ్యి అందుకునేదాకా ప్రయాణికులు ఓపికగా కాచుకొని ఉండేవారట.

సూర్యాపేటలో టీ తాగుతున్నప్పుడు మాట పెళ్లి లారీల మీదికి మళ్లింది. తొట్టిలో వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద జంపఖానాలు వేసి, పెళ్లివారందరినీ ఎక్కించుకొని ఊరూరా సాగిన ఆ ప్రయాణాలను నేనూ చిన్నతనంలో ఎరుగుదును. మనుషులను అలా సరుకు లారీలో ఎక్కించడం ప్రమాదమని ఈనాడు మనకు తెలుసు, ఆ పద్ధతి పోవడం మంచిదే. కాని వెన్నెల్లో, తొట్టి అంచు పట్టుకొని నిలబడి చూసిన రోడ్డు మాత్రం నాకు మరపురానిది.

నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ చేరి, నేరుగా లారీలకు బాడీలు కట్టే షెడ్లున్న ఆటోనగర్‌కు వెళ్లాము. ఈ ప్రాంతపు గొప్పతనం అర్థం కావాలంటే ఆనాటి లారీ ఎలా పుట్టేదో తెలియాలి. 1954లో టాటా వారి టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేసింది. ముందు భాగాన మూడు మొనల నక్షత్రం ఉండడంవల్ల జనం వాటిని బెంజి లారీలనే పిలిచారు. 1969లో ఒప్పందం ముగిశాక ఆ చోట 'టి' అక్షరం వచ్చింది గాని, పేరు చాలాకాలం నిలిచింది. కొన్నవారికి దక్కేది బానెట్టు, ఇంజను, ఛాసిస్, చక్రాలు మాత్రమే. క్యాబిన్ ఉండదు, తొట్టి ఉండదు. ఒక చెక్కపెట్టెను సీటుగా వేసుకొని, ముఖానికి తువ్వాలు చుట్టుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, ఎండలోను వానలోను వెయ్యి కిలోమీటర్లకు పైగా ఆ బోసి బండిని డ్రైవర్లు నడిపించుకొని వచ్చేవారు. ఆ ఛాసిస్‌ను లారీగా మార్చింది ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు, రేకు పనివారు, రంగులు వేసేవారు.

ఒక షెడ్డులో వయసు మళ్లిన మేస్త్రి బాబాయిని గుర్తుపట్టి, "రండి రండి, ఎన్నాళ్లకండీ!" అంటూ కుర్చీ వేయించారు. కలప నాణ్యతను బట్టి, మేకు దిగిన తీరును బట్టి తొట్టి ఎంతకాలం మన్నుతుందో చెప్పగల చేతులు ఆయనవి. క్యాబిన్ నుదుట ఇలవేల్పు పేరు, తలుపుల మీద నెమళ్లు, వెనక తామరపూలు, 'హారన్ ప్లీజ్' అనే రాత, వీటన్నిటినీ యజమాని కోరిక మేరకే తీర్చేవారు. అందుకే ఒకే కంపెనీ నుంచి ఒకే నెలలో వచ్చిన రెండు లారీలు కూడా ఒకదానిలా మరొకటి ఉండేవి కావు. దూరం నుంచే ఫలానావారి బండి అని పోల్చుకోగలిగేవారు. ఇప్పుడు క్యాబిన్లు కంపెనీ నుంచే తయారై వస్తున్నాయి; 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ కూడా తప్పనిసరి అయింది. వేడి ఇంజను పక్కన కాళ్లు కాలుతూ బతుకంతా బండి నడిపిన బాబాయి ఈ మార్పును మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను. అయినా రాజుగారి రోల్స్ రాయిస్‌ను అంత భద్రంగా కాపాడుకున్న మనం, వేల కుటుంబాలకు అన్నం పెట్టిన చెక్క బాడీ బెంజి లారీ ఒక్కదానినైనా ఈ విజయవాడలో అంతే శ్రద్ధగా నిలబెట్టుకోవాలని గట్టిగా అనిపించింది.

షెడ్డు వెనక, విడిభాగాల కోసం ఉంచిన పాత బానెట్టు లారీ ఒకటి ఉంది. మేస్త్రి అనుమతితో బాబాయి దాని క్యాబిన్‌లోకి ఎక్కి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, డబుల్ క్లచ్ ఎలా వేయాలో చూపించారు. "క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కి తే. క్లచ్ వదులు. ఒక్కసారి రేజ్ చెయ్. మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వెయ్. ఇంజను శబ్దం విని వెయ్యాలిరా, చూసి కాదు," అన్నారు. ఇంజనే లేని ఆ బండిలో నా చేత గేరు వేయించి, అది సరిగ్గా పడిందనిపించేదాకా నన్ను కిందికి దిగనివ్వలేదు.