ఈసారి రాయబారానికి జనం విరగబడ్డారు

నిన్న పొద్దున బ్యాంకుకు బయల్దేరుతుంటే మా వాడు వెనకే గుమ్మం దాకా వచ్చాడు. "అమ్మా, ఈ రాత్రి మనూళ్ళో కృష్ణ రాయబారం నాటకం కదా, నేనూ వస్తా. మా ఫ్రెండ్సు కూడా వస్తారంట, కార్లో" అన్నాడు. వీడు బీటెక్ మూడో సంవత్సరం. మా ఊరి భారతం నాటకాలకు రమ్మని ఎన్నేళ్ళు బతిమాలినా దోమలనో నిద్ర చాలదనో తప్పించుకున్నవాడు. ఏమైందిరా అంటే ఫోన్ తీసి చూపించాడు. కృష్ణుడి వేషంలో ఒకాయన 'జెండాపై కపిరాజు' పద్యం ఎత్తుకున్నాడు. అర నిమిషం ఉంటుందేమో. వాళ్ళ కాలేజీ గ్రూపుల్లో ఈ వేసవంతా అదే తిరుగుతోందట. "ఈయనే ఈరోజు మన ఊరికొస్తాడు, తెలుసా?" అని నాకే చెప్పాడు.

తెలుసు. ఆయన మా ఊరికి కృష్ణుడిగా వీడు పుట్టకముందు నుంచీ వస్తున్నాడు.

సంతోషమేసింది. అబద్ధం చెప్పను, లోపల ఎక్కడో చురుక్కుమంది కూడా. బ్యాంకులో మా పక్క కౌంటర్ అమ్మాయి కూడా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ అదే అడిగింది: "మేడం, మీ ఊరి డ్రామా ఎన్నింటికి మొదలవుతుంది? జెండాపై కపిరాజు ఎన్నింటికొస్తుంది?" రెండో ప్రశ్నకు ఏం చెప్పాలో తోచలేదు. పద్యానికి టైము అడిగినవాళ్ళను నేను ఇంతకుముందు చూడలేదు.

మా వైపు భారతం గురించి తెలియనివాళ్ళు ఇది చదవచ్చు కాబట్టి కాస్త చెప్తాను. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళుంటాయి, ధర్మరాజుల గుడి అని కూడా అంటాం. తిరునాళ్ళప్పుడు అక్కడ భారతం జరుగుతుంది. సాధారణంగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి పది దాటాక అదే కథ నాటకం, తెల్లారేదాకా. సరిహద్దు దాటితే తమిళనాడు పల్లెల్లోనూ ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర తెరుక్కూత్తుగా, అంటే వీధినాటకంగా, ఈ కథే ఆడతారు. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో ఉభయదారుడిది. మా ఊళ్ళో రాయబారం ఉభయం మా పుట్టింటివాళ్ళది. నాన్న పోయాక అన్న చేస్తున్నాడు.

నాటకం అనగానే ఎత్తుగా స్టేజీ, ఎదురుగా కుర్చీలు అనుకుంటాం కదా. భారతంలో సగం అలా ఉండదు. బకాసుర వధ రోజున భీముడి వేషగాడు బండెక్కి వీధులన్నీ తిరుగుతాడు. ఇంటింటి నుంచీ అన్నం, వడలు తెచ్చి ఆ బండిలో వేస్తారు, ఆయన తింటూ గర్జిస్తూ పోతుంటే పిల్లలు వెంటబడతారు. దుర్యోధన వధకు మైదానంలో మట్టితో పేద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. తొడ పగిలాకే ద్రౌపది జుట్టు ముడేసుకునేది. ఆ సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్ళు నిప్పులగుండం తొక్కుతారు. వేషం కట్టినవాళ్ళకు ఎంత పనుందో చూసేవాళ్ళకూ అంత పనుంది. నేను భారతాన్ని ప్రేమించేది ఇందుకే. మా అవ్వ ఒళ్ళో పడుకుని చూసిన రోజుల్లో ఇది ఇలా మాటల్లో పెట్టడం రాదు, అంతే.

ఈ రెండు మూడేళ్ళలో జనం ఒక్కసారిగా పెరిగారు. తిరుపతిలో గంగమ్మ జాతరదీ ఇదే కథ. 2024 చివర్లో వచ్చిన ఒక పెద్ద సినిమాలో హీరో జాతర వేషం కట్టాక మాతంగి వేషం దేశమంతా తెలిసిపోయింది. బైరాగి, బండ, తోటి, దొర అని వరసగా వచ్చే వేషాల్లో అదొకటని, కైకాల వంశంవాళ్ళు తరతరాలుగా ఆ వేషాలు కడుతున్నారని తెలిసినవాళ్ళు ఎంతమందో గానీ, ఫొటోలు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి. అయినా ఆ వేషం చూసి మొక్కు తీర్చుకోవడానికే మొదటిసారి వచ్చిన కుర్రాళ్ళను కూడా నేను చూశాను. వాళ్ళను ఏమనగలం?

నాకు మనసు విరిగింది మొన్న అర్జున తపస్సు రోజున. 50, 60 అడుగుల తపస్సు మాను నాటతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి తడి చీరలతోనే మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. వరపడటం అంటాం. పైనుంచి పడేది మీద పడితే కడుపు పండుతుందని నమ్మకం. మా వదిన ఒకప్పుడు అలా పడుకుంది. ఆ పద్యాలు సాగినంతసేపూ నేలకు ఆనించిన మొహం ఎత్తకుండా ఆమె పడుకున్న తీరు నాకింకా గుర్తుంది. మొన్న పైన డ్రోను ఒకటి గిర్రున తిరుగుతోంది. కింద ఒక కుర్రాడు ఆ పడుకున్నవాళ్ళ మధ్యలోకి నడిచి వెళ్ళి, ఒకామె చెంప పక్కన ఫోన్ పెట్టి తీస్తున్నాడు. ఆమె కొంగు లాక్కుని మొహం కప్పుకుంది. వాడు చెడ్డవాడు కాదు, నేను పిలిచి చెప్తే వెంటనే సారీ ఆంటీ అని పక్కకొచ్చాడు. అక్కడ జరిగేది ఒక షో అని, తను బయటినుంచి చూస్తున్నానని అనుకున్నాడు. అక్కడ బయట అనే చోటు లేదని వాడికి ఎవరూ చెప్పలేదు.

సరే, నిన్నటి రాత్రి సంగతి. రేణిగుంట దాటి వడమాలపేట మీదుగా పోయేసరికి తొమ్మిదిన్నర. ఊరి మొదట్లోనే కార్లు, బైకులు మామిడితోపులోకి మళ్ళిస్తున్నారు. తిరునాళ్ళకు కాపు కట్టాక ఊళ్ళో నీసు వండరు కాబట్టి వదిన సంగటి, పప్పు, ఊరుబిండి పెట్టింది. మా వాడి ఫ్రెండ్సు సంగటి ముద్దను చూసి కాసేపు తటపటాయించినా బాగానే తిన్నారు. అన్న మొహం వెలిగిపోతోంది. "నాయన ఉన్నప్పుడు కూడా ఇంత జనం రాలేదే" అని పదే పదే అన్నాడు.

మేం చాపలేసుకునే చోట మా పెదనాన్న ముందే కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటినా ముందు వరస వదలడు. పడక సీను మొదలైంది. కృష్ణుడి తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. కృష్ణుడు కళ్ళు తెరిచి మొదటి పద్యం ఎత్తుకున్నాడు. చివర్లో రాగం లాగి, ఆపి, జనం వైపు చూశాడు. హార్మోనియం ఆయన వేలు ఆ స్వరం మీదే నిలిచి ఉంది. మామూలుగా అయితే పద్యం ఆఖరి అక్షరం పడకముందే "వన్స్ మోర్" అని ఈ మూల నుంచి ఆ మూల దాకా కేకలు లేచేవి. ఎవరో ఒకరు స్టేజీ ఎక్కి భుజకీర్తికి నోటు గుచ్చేవారు, మైకులో ఆయన పేరు, 116 రూపాయలు అని చదివేవారు.

నిన్న నిశ్శబ్దం. ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి, రికార్డింగు పాడవుతుందని ఎవరూ ఊపిరి కూడా తీయడంలేదు. ఎవరో ముసలాయన "ఆహా" అంటే ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి "ష్" అంది. కృష్ణుడు ఇంకో క్షణం ఆగి తర్వాతి మాటలోకి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క క్షణం ఆయన మొహం చూడలేకపోయాను.

కౌరవ సభలో అసలు పద్యం వచ్చింది. ఫోన్లు ఇంకా పెరిగాయి. పద్యం అయిపోయింది, చప్పట్లు కొట్టారు, బాగానే కొట్టారు. అప్పుడు మా పెదనాన్న చాప మీదినుంచే, గొంతులో ఉన్నదంతా కూడగట్టుకుని, "వన్స్ మోర్!" అని అరిచాడు. కుర్రాళ్ళందరూ తిరిగి చూశారు. "తాతకు రికార్డు పంపిస్తే పోలా, మళ్ళీ ఎందుకు పాడమంటున్నాడు?" అని మా వాడి ఫ్రెండు మెల్లగా అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. నేను చెప్పాను, అడిగి చూడండ్రా, అప్పుడు తెలుస్తుంది అని. వాళ్ళు గొంతు కలిపారు. వెనకున్నవాళ్ళు అందుకున్నారు. మైదానం మార్మోగింది.

కృష్ణుడు నవ్వాడు. పంచె కుచ్చెళ్ళు సర్దుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి గాండీవం అన్న మాట దగ్గర నిలబడ్డాడు. దాన్ని కింది నుంచి పైకి తీసుకెళ్ళి, విరిచి, మళ్ళీ కలిపి, హార్మోనియం ఆయన వైపు ఓరగా చూసి ఇంకో దారిలో దిగాడు. మొదటిసారి పాడినదాంట్లో ఇది లేదు. "అమ్మా, అదే పద్యం కదా, వేరేగా పాడాడేంది?" అన్నాడు మా వాడు నా చెయ్యి పట్టుకుని. వాడి ఫోన్ చాప మీద పడి ఉంది. మూడోసారి వాళ్ళంతట వాళ్ళే అడిగారు.

మీట నొక్కితే మళ్ళీ వచ్చే పద్యం ఎప్పుడూ ఒకటే. మనుషులు గొంతెత్తి అడిగితే మళ్ళీ వచ్చేది ఇంకొకటి. పాతరోజుల్లోనూ పద్యాలు యంత్రాల్లోకి ఎక్కాయి. గ్రామఫోన్ ప్లేట్లు విని పద్యాలు నేర్చుకున్న తరం మా తాతలది, తిరునాళ్ళలో పద్యాల క్యాసెట్లు కొన్న తరం మా నాన్నలది. నాటకం జనాదరణ పొందడం కూడా ఇదేం మొదటిసారి కాదు. నాగయ్య గారి పేరు ముందు చిత్తూరు చేరింది ఇక్కడి రామవిలాస సభ నాటకాల వల్లే. సినిమా స్టారు కాకముందు ఆయన నాటకాల మనిషి. కాబట్టి కుర్రాళ్ళ మీదా ఫోన్ల మీదా నాకు కోపం నిలవదు. ప్లేటు విని వచ్చినవాళ్ళు మైదానంలో వన్స్ మోర్ అనడం మానలేదు. ఎందుకంటే పక్కన మా పెదనాన్న లాంటివాళ్ళు వందమంది ఉండేవారు. ఇప్పుడు ఒక్కడున్నాడు.

ఒంటిగంటకు మైదానం సగం ఖాళీ. మా వాడి బ్యాచ్ కూడా లేచింది. "సూపర్ ఆంటీ, మళ్ళీ వస్తాం" అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. మా వాడు కాసేపు ఊగిసలాడి వాళ్ళతోనే వెళ్ళాడు. ఆ తర్వాత కుంతి, కర్ణుల సీను. కర్ణుడిగా వేసినాయన కొత్త, పలమనేరు వైపు నుంచి వచ్చాడట. మేకప్పు చెమటకు కారిపోయింది, కిరీటం ఒక పక్కకు ఒరిగింది. తల్లి అని తెలిశాక ఆయన పాడలేదు, మొదటి పాదం మాటల్లో చెప్పాడు, రెండో పాదంలోకి వచ్చేసరికి దానంతట అదే పాటయింది. నా పక్కన వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ రాత్రంతటిలో అదే గొప్ప ఘట్టం. ఒక్క ఫోన్ కూడా లేవలేదు. ఇది మనకే మిగిలింది అనుకున్నాను. ఆ తృప్తితోనే ఉన్నాను, తెల్లవారి వేషాలు తీసే చోటికి వెళ్ళేదాకా.

ఊరి బడిలో గదే మేకప్పు రూము. అన్న అందరికీ కాఫీలు పంపించాడు. కృష్ణుడాయన కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ నన్ను చూసి, "పెదనాన్న బాగున్నాడామ్మా? ఆ గొంతు వినబడకపోతే రాత్రి గడిచేది కాదు" అన్నాడు. వీడియోల వల్ల కోలారు, ముళబాగిలు నుంచి కూడా పిలుపులొస్తున్నాయట. "జనం ఉంటే ఊపిరాడతాదమ్మా. కాకపోతే మునుపు ఈ ఊళ్ళో పాడింది ఈ ఊరికే. ఇప్పుడు కొంచెం గొంతు జీరపోతే అది ఊరూరా తిరగతాది, టెన్షన్" అన్నాడు. కర్ణుడాయన మూలన కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మీ సీను మర్చిపోలేను అన్నాను. నమస్కారం పెట్టి ఒక్క మాట అడిగాడు: "ఎవరన్నా తీసినారామ్మా?"

లేదన్నాను.

"తీసుంటే బాగుండు. ఒకటి రెండు ఊర్ల నుంచన్నా నాకూ పిలుపొచ్చేది" అన్నాడు.

ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం అన్నకు ఫోన్ చేసి రెండు సంగతులు మాట్లాడాను. తపస్సు మాను చుట్టూ వచ్చే ఏడు తాడు కట్టించాలని, వరపడేవాళ్ళ దగ్గరికి ఎవరూ ఫోన్‌తో రాకూడదని మైకులో ముందే చెప్పించాలని. అన్న కమిటీలో పెడతానన్నాడు, పూజారి ఒప్పుకుంటే మిగతావాళ్ళు కాదనరట. రెండోది, కర్ణ మోక్షం రోజు ఆ పలమనేరు ఆయనే వేషం కడతాడా అని. కడతాడట.

మా వాడు నిద్రలేచాక చెప్పాను, ఆ రోజు నాతో రావాలని, ఆయన్ను అడిగి, కర్ణుడి సీను మొదటి నుంచి చివరిదాకా తీయాలని. అర నిమిషం ముక్క కాదు, మొత్తం. "ఎన్నింటికి వస్తుందమ్మా ఆ సీను?" అన్నాడు. తెల్లవారుజామున అన్నాను. కాసేపు ఆలోచించి, పవర్‌బ్యాంకు ఎవరినో అడగాలన్నాడు. వాళ్ళ ఫ్రెండ్సు వస్తారో లేదో వాడికీ తెలియదట.