ఈశాన్యం మూల వాసం

పొద్దున్న ఆరు కాకుండానే కుర్రాళ్లు మా పాత మండువా ఇంటి కప్పెక్కేశారు. రోహిణి కార్తె ఎండకి తొమ్మిది దాటితే పెంకు చేత్తో ముట్టుకోలేం. మృగశిర వచ్చేలోగా ఈ వైపు పెంకు దింపి, వాసాలు బాగుచేసి, మళ్లీ నేసెయ్యాలని మేస్త్రిగారి పట్టుదల. ఈ బోసి కప్పు మీద ఒక్క పెద్ద వాన పడిందంటే ఇప్పటిదాకా చేసిన పనంతా నీళ్లపాలు.

పైనుంచి అందిస్తున్న పెంకుల్ని నేను అరుగు మీద కూర్చుని వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాను. ఖంగుమంటే మళ్లీ కప్పెక్కుతుంది. బొంగురుగా పలికిందంటే కంటికి కనపడని బీట ఎక్కడో ఉన్నట్టే, పక్కన పెట్టెయ్యాలి. మేస్త్రిగారు నేర్పిన విద్య ఇది. మొదట్లో తేడా తెలిసేది కాదు, ఇప్పుడు చెవికి పట్టుబడింది. నాచుపట్టి నల్లబడ్డ పెంకుని కొబ్బరిపీచుతో తోమితే కింద ఎర్రమట్టి రంగు చెక్కుచెదరకుండా ఉంది. మంగుళూరులో నేత్రావతి ఒడ్డున 1865లో ప్లెబ్స్ట్ అనే జర్మన్ మిషనరీ పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన పెంకు ఇది. ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చోవడమే దీని గొప్పతనం. అంతకుముందు మన ఊళ్లలో ఉన్న కుమ్మరి గూనపెంకు మీద కోతి గెంతినా, పిల్లి నడిచినా జారిపోయేది, ఏటా సర్దించుకోవాల్సిందే. మా తాతగారు ఈ పెంకుని కాకినాడ నుంచి కాలవ మీద పడవల్లో తెప్పించారని నాన్న చెప్పేవారు. ఇవాళ దింపినవాటిలో చాలా వరకు ఖంగుమన్నాయి. టిఫిను సంగతే గుర్తు రాలేదు నాకు.

తరవాత ఈశాన్యం మూల బయటపడింది.

మండువా ఇంటికి నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలుతుంది. నాలుగు మూలల్లోనూ రెండేసి వాలుల నీళ్లు ఒకచోట చేరి, ధార కట్టి, ఇంటి నడిమధ్య కప్పులేని మండువాలోకి దూకుతాయి. ఆ ధార కింద ఐమూలగా ఒక పెద్ద వాసం, దాని మీద రేకు. ఇలాంటి ఇల్లు ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పాలంటే ముందు ఆ నాలుగు మూలలే చూడాలి. రేకు ఎత్తేసరికి వాసం పైభాగం తడిసిన అటుకుల్లా వేళ్లకి ఊడి వచ్చింది. వడ్రంగి ఉలి దింపాడు. బెత్తెడు లోతు దాకా అడ్డే లేదు, ఆ తరవాత టక్కుమని ఆగింది. "చేవ మిగిలింది గానండీ, ఇంక బరువు మొయ్యదండి" అన్నాడు. కింద నిలబడి నిచ్చెన పట్టుకున్న నాకు కాళ్లలో సత్తువ పోయినట్టయింది. ఆ వాసం మార్చడమంటే దాని మీద ఆనుకున్న చిన్న వాసాలన్నిటికీ కింద ఊతాలు పెట్టాలి. పెంకు నేత ఇంకో వారం వెనక్కి పోయినట్టే.

ఎందుకు కుళ్లిందో చూస్తూనే అర్థమైంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు వరసకి వరస నేలకొరిగాయి. మా కప్పు సగం లేచిపోయింది. నాన్న దొరికిన మనుషులతో, దొరికిన సామానుతో మళ్లీ కప్పు వేయించారు. రేకుకీ పెంకుకీ మధ్య సందుల్ని సిమెంటుతో పూడ్చారు. ఎండకి ఆ సిమెంటు బీటలిచ్చింది. బీటల్లోంచి దిగిన నీటికి బయటికి పోయే దారి లేదు, గాలి ఆడే సందూ లేదు. అప్పట్నుంచి ఆ వాసం తడిలోనే నానుతోంది. ఇందులో నాన్నని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఊరంతా నేలమీద పడి ఉన్న రోజుల్లో పిల్లల నెత్తి మీద కప్పు నిలబెట్టడమే గొప్ప.

కానీ ఈ ఇంట్లో ఎక్కడ గోకినా ఇదే కథ. వయసు వల్ల జరిగిన చెరుపు తక్కువ, మంచికే అనుకుని చేసిన మరమ్మతుల వల్ల జరిగింది ఎక్కువ. స్తంభాలు చూస్తే పైకి ఎనామిల్ రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, అడుగున రాతి దిమ్మ దగ్గర కాలు కుళ్లిపోయింది. చావడి గోడ పరిస్థితి ఇంకా దారుణం. 1986 ఆగస్టు గోదావరి వరదకి మా ఇంట్లో మొలలోతు నీళ్లు నిలిచాయి. నాన్న ద్వారబంధం మీద చాకుతో పెట్టిన గాటు ఇప్పటికీ ఉంది. నీళ్లు తీశాక గోడల కింది భాగానికి గట్టిగా ఉంటుందని సిమెంటు పూత పూయించారు. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి తడి పీల్చుకున్నా గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ పని చెయ్యనివ్వదు. లోపలి తడి పైకి పాకి, పూత అయిపోయిన చోట బయటపడుతుంది. తనతో తెచ్చిన ఉప్పుని అక్కడే వదిలేస్తుంది. మా గోడ సరిగ్గా ఛాతీ ఎత్తులో తెల్లగా చౌడుబారి రాలిపోవడం అందుకే.

మధ్యాహ్నం ఆ పూత కొట్టించాను. సుత్తి దెబ్బకి పలకలు పలకలుగా ఊడింది. ఒక పలక తిప్పి చూస్తే వెనకాల ఇటుక పైపొర ఎర్రగా అంటుకుని వచ్చేసింది. దాని మీద వేలు పెడితే చల్లగా చెమ్మ. బయట రోళ్లు పగిలే ఎండ, గోడ లోపల చెమ్మ! ఆ పలక పారెయ్యకుండా కిటికీలో పెట్టాను. సిమెంటు ఎందుకు వద్దంటున్నావని అడిగేవాళ్లకి దాన్ని చూపిస్తే చాలు.

అడిగేవాళ్లకి కొదవ లేదు. మా మేనత్త తాటిముంజలు పట్టుకుని వచ్చింది. "ఏమే అమ్మాయ్, ఈ డబ్బు పెడితే పడగొట్టేసి రెండంతస్తుల డాబా లేపచ్చు కదే?" అంది. అత్తయ్య పుట్టింది ఈ ఇంట్లో, పెళ్లి జరిగింది ఈ మండువాలో. ఆవిడకి ఇంటి మీద ప్రేమ లేక కాదు. వానాకాలం రాత్రుళ్లు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుంటూ తిరిగిన మనిషి, ఆ చాకిరీ నాకు వద్దని ఆవిడ తాపత్రయం. "అత్తయ్యా, ఈ వేళప్పుడు మీ డాబాలో ఏసీ లేకుండా కూర్చోగలవా?" అన్నాను. జవాబు చెప్పలేదు. దక్షిణం వసారాలో కప్పు ఇంకా ఉంది, మండువాలోంచి వేడి పైకి పోతూ ఉంటుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ కాస్త గాలి. ఒట్టి నేల మీద చెంగు పరుచుకుని ఓ కునుకు తీసి మరీ వెళ్లింది.

అన్నయ్యతో మాట అంత తేలిగ్గా తెమల్లేదు. హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. వాసం సంగతి చెప్పాను. "మొత్తం ఎంతవుతుందో ఒక్క అంకె చెప్పవే" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, ఖర్చులో సగం వాడిది. కానీ పాత ఇంట్లో ఏ చోటుకా చోటు ఎత్తి చూస్తే గాని లోపలేముందో తెలీదు. ఒక అంకె చెప్పి వచ్చే నెల ఇంకోటి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇప్పటిదాకా అయిన ఖర్చు కాగితం ఫొటో తీసి పంపాను. మాట కాస్త పెరిగింది. అమ్మకి మాత్రం ఈ గొడవ చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం.

సాయంత్రం పెరట్లో సున్నం తయారైంది. గుల్లసున్నం గోతిలో నీళ్లు పోసి మాగబెట్టి చాలా రోజులైంది. ఎడ్ల గానుగ ఇప్పుడెక్కడిది, మిషన్లోనే ఇసకతో కలిపి నూరించాం. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు మేస్త్రిగారు స్వయంగా చూసి పోశారు. ఒక ముద్ద తాపీ మీదికి తీసుకుని, ఓ క్షణం ఆగి, తాపీ బోర్లించారు. ముద్ద కదల్లేదు. "ఆయ్, కుదిరిందండమ్మా" అన్నారు. ఆయన కొడుకు కువైట్లో టైల్స్ పని చేస్తున్నాడు, సున్నం పని నేర్చుకోలేదు. ఈ చుట్టుపక్కల ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు, అందరూ డెబ్భైకి అటూ ఇటూ. ఇవాళ పెంకు దింపిన కుర్రాళ్లలో ఒకడు పక్కన నిలబడి, ఇసక పాలెంత, బెల్లం ఎంత అని అడిగి ఫోన్లో రాసుకున్నాడు. వాడికి రేపట్నుంచి కూలీ కాస్త పెంచి మేస్త్రిగారి పక్కనే పెడుతున్నాను.

రేపు చావడి గోడకి మొదటి పూత. ఈ ఎండకి సున్నం తొందరగా ఆరిందంటే బీటలిస్తుంది, అందుకని గోనెపట్టాలు తడిపి గోడకి వేలాడదియ్యాలి, పూటపూటా నీళ్లు కొట్టాలి. టార్పాలిన్లు కూడా తెప్పించాలి, పడమట మబ్బు పడుతోంది.

వడ్రంగి రాజమండ్రి వెళ్లి పాత కలప చూసొస్తానన్నాడు. పడగొట్టిన ఇళ్ల దూలాలు అక్కడ అమ్ముతారు. పచ్చి ఆరని కొత్త టేకు కప్పు మీదికెక్కాక వంకర పోతుంది, ఎండిపోయి ఉన్న పాత టేకుకి ఆ భయం లేదు. ఎవరిదో ఇలాంటి లోగిలి కూలితేనే మా మూలకి వాసం దొరుకుతుందన్న ఆలోచన సాయంత్రం నుంచీ మనసుని పట్టి లాగుతోంది. అయినా ఆ దూలం ముక్కలై పొయ్యిలోకి పోవడం కంటే ఇంకో కప్పు మొయ్యడం మేలు. పొడవూ మందమూ కొలిచి కాగితం మీద రాసిచ్చాను. అడ్వాన్సు కింద కొంత డబ్బు కూడా ఇచ్చి, ఏ ఊరి ఇంటిదో కనుక్కుని రమ్మన్నాను.