జాడీ పైకెక్కింది, మాత్రలు కిందే ఉండిపోయాయి

మా లంకలో గోదావరి వస్తుందంటే ముందు డాబా మీదికెక్కేది బియ్యం బస్తా. తరవాత గ్యాస్ బండ, దేవుడి పటాలు, ఆవకాయ జాడీ. 2022 జూలైలోనూ అదే వరసలో అన్నీ పైగదిలోకి చేర్చాం. నా బీపీ మాత్రల షీటు మాత్రం కింద బీరువా సొరుగులో ఉండిపోయింది. మర్చిపోయానంటే అబద్ధం. అప్పటికి రెండు మూడు నెలల నుంచి నాకు బీపీ లేదనే అనుకుంటున్నాను.

మాది పి.గన్నవరం మండలంలో ఒక లంక. అంతకు ముందు ఏడాది పన్ను పీకించుకుందామని వెళ్తే, పళ్ళ డాక్టరు బీపీ చూసి పీకనన్నాడు. 178/108. నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన తలెత్తకుండానే మాత్ర రాసి, "ఉప్పు తగ్గించండి, టెన్షన్ పడకండి" అన్నాడు. ఏటా ఏరు ఇంట్లోకొచ్చే ఊళ్ళో కాపురం చేసేదానితో టెన్షన్ పడొద్దంటే ఏం చెప్పను? ఇక ఉప్పంటే కూరలో ఉప్పే అనుకున్నాను. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదని, ఆవకాయ, అప్పడం, ఎండు చేప అన్నీ ఆ లెక్కలోకే వస్తాయని ఎవరూ చెప్పలేదు. కూరలు చప్పగా వండుకుని, ఆ చప్పదనం పోవడానికి ఆవకాయ నంజుకునేదాన్ని!

యోగా మాస్టారు ఏటిగట్టు అవతల ఊరాయన. రిటైరయ్యాక బడి వరండాలో తెల్లవారుజామున ఊరికే నేర్పేవారు. నేనూ చేరాను. తాడాసనం, భుజంగాసనం, అనులోమ విలోమం, భ్రామరి, ఆఖర్న పది నిమిషాలు శవాసనం. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో "కాసేపు ఏ పనీ చెయ్యకుండా పడుకో" అని నాతో అన్న మొదటి మనిషి ఆయనే. ఆ రుణం మర్చిపోను. నిద్ర పట్టింది. నాలుగు కిలోలు తగ్గాను. ఏప్రిల్‌లో చూపించుకుంటే 126/82.

ఆ మాట చెప్పగానే మాస్టారు అందరి ముందూ, "చూశావా అమ్మా! ఇంక ఆ బిళ్ళలు కాలవలో పారెయ్" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "మంచిదే, నెల నెలా మందుల ఖర్చు తప్పింది" అన్నాడు. ఆ 126లో మాత్ర వాటా ఎంత, యోగా వాటా ఎంత అని ఒక్కరికీ తట్టలేదు.

గురుపౌర్ణమికి మాస్టారికి పంచెల చాపు పెడదామనుకున్నాను. ఈలోగా కాజ్‌వే మునిగింది. మూడు రోజుల తరవాత, శనివారం, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందని ఫోన్లో విన్నాం. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎప్పుడో ఎగిరింది. సాయంత్రానికి కింద గదుల్లో నడుంలోతు నీళ్ళు. కరెంటు లేదు.

రాత్రి పదింటప్పుడు మెడ వెనక ఎవరో రోకలితో పొడుస్తున్నట్టు మొదలైంది. లాంతరు ఒకటి రెండుగా కనిపించింది. ముక్కు తుడుచుకుంటే చెయ్యంతా రక్తం. మా అత్తయ్యగారు తడిగుడ్డ ముక్కు మీద పెట్టి, "ఎనభయ్యారులో ఇంతకన్నా ఎక్కువొచ్చింది. నీ మొగుడికి అప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. బతకలేదా?" అన్నారు. ఆవిడ ధైర్యం చెప్పే తీరే అంత. మాత్రలెక్కడున్నాయని మా ఆయన అడిగాడు. చెప్పాను. టార్చి పట్టుకుని మెట్లు దిగబోయాడు. మూడో మెట్టు మీద పాము చుట్ట చుట్టుకుని ఉంది. ఇంకెవరూ కదల్లేదు. ఆయన డాబా అంచున నిలబడి గట్టు వైపు టార్చి ఊపుతూనే ఉన్నాడు. అటు నుంచి ఎవరూ తిరిగి వెలుగు చూపలేదు.

పక్షవాతం వస్తుందేమోనని నా భయం. చేతి వేళ్ళు కదిపి చూసుకుంటూ, నాలిక మడతపడుతోందేమోనని పిల్లల పేర్లు పైకి అంటూ పడుకున్నాను. వేరే దారి లేక శవాసనంలోనే ఊపిరి లెక్కపెట్టాను. తీసుకునేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఎనిమిది. కింద మంచం కోడు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు తెల్లారేదాకా వింటూనే ఉన్నాను. ఆ ఊపిరే నన్ను కాపాడిందని తరవాత చాలామంది అన్నారు. బీపీ తగ్గిందో లేదో చూడ్డానికి ఆ రాత్రి మిషను లేదు. భయం మాత్రం కొంచెం తగ్గింది. అంతవరకే చెప్పగలను.

పొద్దున్న మరపడవ వచ్చింది. గట్టు మీద శిబిరంలో నర్సమ్మ చూస్తే 212/124. తరవాత ఆసుపత్రిలో మూడు రోజులు. ఒక్కసారిగా దించకూడదట, నెమ్మదిగా దించారు. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. మంచం పక్కన కూర్చుని చెప్పింది. 1969లోనే బొంబాయిలో డాక్టర్ దాతే అనే ఆయన బీపీ రోగులకి శవాసనం నేర్పి, ఆ ఫలితాలు అచ్చువేశారట. కొంతమందికి మందుల మోతాదు తగ్గిందట. "అదీ డాక్టర్లు చూసుకుంటూ తగ్గించిందే ఆంటీ, కాలవలో పారేసింది కాదు" అంది. నిదానంగా ఊపిరి తీస్తే నరాల బిగువు తగ్గి రక్తనాళాలు సడలుతాయని, కానీ 180ల్లో ఉన్నదాన్ని అదొక్కటే కిందకి లాగలేదని వివరించింది. బీపీ అదుపులోకి వచ్చేదాకా భుజాల మీద ఆని కాళ్ళు పైకెత్తే సర్వాంగాసనం, పొట్ట కుదుపుతూ జోరుగా ఊపిరి వదిలే కపాలభాతి వద్దంది. మాస్టారు రెండూ చేయించేవారు.

కోపం ఆసుపత్రిలో రాలేదు. ఇంటికొచ్చి బురద ఎత్తిపోస్తుంటే వచ్చింది. సొరుగు లాగితే మాత్రల షీటు, మట్టి పట్టి, అక్కడే ఉంది. మాస్టారి మీద, చప్పట్లు కొట్టినవాళ్ళ మీద, ఖర్చు తప్పిందన్న మా ఆయన మీద, నా మీద. ఆ పూట అన్నం కూడా తినలేదు.

యోగా మాత్రం మానలేదు. పొద్దున్నే మాత్ర, తరవాత ఆసనాలు. ఆవకాయ ఆదివారానికే. ఏడాది తరవాత డాక్టరమ్మే మోతాదు తగ్గించింది, ఆపలేదు. ఇంట్లో మిషను కొన్నాం. మాత్రలు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో, దేవుడి పటాల సంచిలోనే ఉంటాయి. మీ ఇంట్లోనూ ఎవరైనా మానేద్దామనుకుంటుంటే ముందు డాక్టర్ని అడగమనండి.

వరద తీసిన నెలకి మాస్టారు అరటి గెల పట్టించుకుని వచ్చారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బల్ల మీద మిషను చూసి, "ఇదెలా పనిచేస్తుందమ్మా?" అన్నారు. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఆగి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి పట్టీ చుట్టాను.

164/98.

"ఎప్పుడైనా చూపించుకున్నారా మాస్టారూ?"

"నాకెందుకొస్తుందమ్మా అనుకున్నాను" అన్నారు, అంకెల వైపే చూస్తూ.

అత్తయ్యగారు కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టబోయారు. "ఇప్పుడే ఇవ్వకండి అత్తయ్యా, ఇంకోసారి చూడాలి" అన్నాను.