వెస్ట్ అనే ఊళ్ళో గసగసాల కొలాచీ, పోల్కా డాన్సూ

డాలస్ నుంచి ఆస్టిన్‌కి ఐ-35 మీద కారులో వెళ్ళిన తెలుగోళ్ళలో చెక్ స్టాప్ దగ్గర ఆగనివాళ్ళు తక్కువే అనుకుంటా. పెట్రోల్ బంకు, దానికి ఆనుకుని బేకరీ, 24 గంటలూ తెరిచే ఉంటుంది, అర్ధరాత్రి వెళ్ళినా క్యూ ఉంటుంది. ఊరి పేరు వెస్ట్. అంటే టెక్సాస్‌కి పడమటేమో అనుకునేరు, కాదు, వేకోకి కాస్త పైన ఉంది, మొదటి పోస్ట్‌మాస్టర్ ఇంటిపేరు వెస్ట్, అదే ఊరికీ పెట్టేశారు. అందుకే అక్కడోళ్ళు "వెస్ట్, కామా, టెక్సాస్" అని కామాని కూడా పలుకుతారు. పదకొండేళ్ళుగా ఆ ఊరంటే నాకు బాత్రూం బ్రేకూ, ఒక డబ్బా కొలాచీలూ (మధ్యలో పండో చీజో పెట్టిన తీపి బన్నులు), అంతే.

పోయినేడు లేబర్ డే వీకెండ్‌కి ఎటూ ప్లాన్ లేక వెస్ట్‌ఫెస్ట్‌కి వెళ్ళాం. 1976 నుంచి చేస్తున్నారు, చెక్ వాళ్ళ పండగ, అంటే యూరప్‌లోని చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళది. మూడు వేల మంది కూడా లేని ఊరు అది. 2013లో ఎరువుల కంపెనీ పేలి 15 మంది పోయింది ఇక్కడే, వాళ్ళలో ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్ళినవాళ్ళే. ఆ సంగతి తలుచుకుంటూనే ఊళ్ళోకి వెళ్ళాం కానీ అక్కడ బ్యాండు మోతకి ఐదు నిమిషాల్లో మర్చిపోయాం, నిజం చెప్తున్నా.

మనం అలవాటు ప్రకారం లేటు కదా, పరేడ్ తోకే దొరికింది. పిల్లలూ ముసలమ్మలూ అందరూ "క్రోయ్" వేసుకునున్నారు, అంటే వాళ్ళ ఊరి కట్టు, బుట్ట చేతుల తెల్ల జాకెట్టు, దానిమీద ఎర్ర దారంతో కుట్టుపని, తల్లో రిబ్బన్లు, ఆ ఎండలో చూస్తుంటేనే నాకు చెమటలు పట్టాయి. ఉగాదికి పట్టుచీర కట్టమంటే ఉక్కపోత అనే మా ఆవిడని ఒకసారి చూశాను, తను నన్ను చూడలేదు.

అసలు వీళ్ళు టెక్సాస్ ఎందుకొచ్చారంటే పొలాల కోసమే. 1850ల నుంచి గాల్వెస్టన్ రేవులో దిగి పత్తి పండే నల్లరేగడి భూములు వెతుక్కుంటూ వచ్చారు, ఎక్కువమంది చెక్ దేశంలో తూర్పున ఉన్న మొరావియా వైపు వాళ్ళు. ఊరికొక చర్చి, ఒక డాన్స్ హాలు కట్టుకున్నారు. 1897లో ఎస్‌పీజేఎస్‌టీ అని ఒక సంఘం పెట్టుకున్నారు, ఆ పేరు పూర్తిగా చెప్తే నా నాలుక మడతపడుతుంది, అది మన సంఘాల్లాగా ఏడాదికోసారి కన్వెన్షన్ పెట్టే రకం కాదు, ఇన్సూరెన్స్ సంఘం. ఇంటాయన పోతే కుటుంబం వీధిన పడకూడదని తలా ఇంత వేసుకున్నారు. దాని శాఖలు చాలాచోట్ల సొంత హాళ్ళు కట్టుకుని చెక్క నేల వేయించుకున్నాయి, శనివారం డాన్సులు అక్కడే. నాకిది బాగా నచ్చింది. మన దగ్గర ముందు స్టేజీ, తర్వాత సావనీరు, డబ్బు మిగిలితే సేవ (మిగలదు).

కొలాచీ పోటీల దగ్గర ఒక పెద్దావిడ పరిచయమైంది, డెబ్బై దాటుంటాయి. ఎలా చేస్తారని అడిగితే చేత్తో గాల్లోనే చేసి చూపించింది. ఈస్ట్ వేసి పొంగిన మెత్తటి పిండిని ఉండలు చేసి, వెన్న రాసిన ట్రేలో పక్కపక్కన పెట్టి, మళ్ళీ పొంగాక మధ్యలో రెండు వేళ్ళతో గుంట నొక్కాలి. మనం గారెకి చిల్లు పెడతాం చూడండి అలాగే, కాకపోతే చిల్లు పడేలోపు ఆపాలి. ఆ గుంటలో ఆప్రికాట్ గానీ, ప్రూన్ గానీ, జున్నులాంటి చీజ్ గానీ, గసగసాలు గానీ పెట్టి పైన పోసిప్కా చల్లాలి, అంటే వెన్న, చక్కెర, మైదా వేళ్ళతో నలిపిన పొడి. గసగసాలంటే మన తెల్లవి కావు, నల్లగా నీలంగా ఉంటాయి, నూరి పాలూ చక్కెరా వేసి ఉడికిస్తారు, తింటే పళ్ళన్నీ నల్లబడతాయి. మా ఆవిడ మూడు లాగించింది.

నేను సాసేజ్ కొలాచీ నాకిష్టం అన్నాను. పెద్దావిడ మొహం మాడిపోయింది. అది కొలాచీ కాదంట, క్లోబాస్నెక్ అంట, టెక్సాస్ వచ్చాక ఇక్కడి చెక్ వాళ్ళే పుట్టించారంట, చెక్ రాజధాని ప్రాగ్ వెళ్ళి అడిగితే ఎవరికీ తెలీదంట. పైగా కొలాచీ అన్నదే బహువచనం, ఒక్కటయితే కొలాచ్, మనం దానికి మళ్ళీ "లు" తగిలించి కొలాచీలు అంటున్నాం, టెక్సాస్ మొత్తం అదే పని చేస్తోందిలెండి.

చెక్ మాట్లాడతారా అని అడిగితే నవ్వింది. వాళ్ళ నాయనమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రమే, వాళ్ళమ్మకి రెండూ వచ్చు, ఈవిడకి ప్రార్థనలు, పాటలు, తిండి పేర్లు, "యాక్ సే మాతే" అంటే బావున్నారా అని, అంతవరకే. మనవలకి ఆ చివరిదొక్కటే వచ్చు, అదీ టీషర్ట్ మీద ఉంది కాబట్టి. నాకు మా అమ్మాయి గుర్తొచ్చింది, పక్కనే ఉందనుకోండి, అయినా గుర్తొచ్చింది.

తర్వాత బ్యాండు పోల్కా (వాళ్ళ గెంతుల డాన్సు) మొదలెట్టింది, అకార్డియన్, డ్రమ్స్, భుం భుం అంటూ ట్యూబా. నేను అలవాటుగా కుర్చీ కోసం చూశాను. స్టేజీ ముందు ఖాళీ నేలే, కుర్చీలు ఎక్కడో వెనక. తాతలు, టీనేజ్ పిల్లలు, కౌబాయ్ టోపీల వాళ్ళు, చెక్ వాళ్ళెవరో మెక్సికన్లెవరో తెలీదు, అందరూ గుండ్రంగా తిరుగుతున్నారు. పెద్దావిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. కూచిపూడి క్లాసంటే కడుపునొప్పి వచ్చే పిల్ల నలభై నిమిషాలు ఆగకుండా గెంతింది.

మా బావమరిది అయోవాలో సీడర్ రాపిడ్స్‌లో ఉంటాడు, అక్కడ చెక్, స్లోవాక్ మ్యూజియం ఉంది, ఫోన్ చేస్తే దాని కథ చెప్పాడు. వాళ్ళ దేశం చెకోస్లొవాకియా 1993 జనవరి 1న చెక్, స్లోవాక్ అని రెండయింది, 1995లో ఆ మ్యూజియం ఓపెనింగ్‌కి హావెల్, కొవాచ్, అంటే రెండు దేశాల ప్రెసిడెంట్లూ వచ్చారు, క్లింటన్ కూడా. 2008 వరదలో మునిగితే బిల్డింగ్‌ని మొత్తంగా పైకి లేపి జరిపి 2012లో మళ్ళీ తెరిచారు. దేశం రెండయినా మ్యూజియం ఒకటే. మనకి రాష్ట్రం 2014లో విడిపోయింది, అమెరికాలో సంఘాలు మాత్రం అంతకు ముందే మొదలెట్టేశాయి. ఇక ఎక్కువ రాస్తే కామెంట్లలో తిడతారు.

ఇంటికొస్తూ కారులో నేను మొదలెట్టాను, మన పండగలన్నీ కుర్చీల్లో కూర్చుని చూసేవే, పిల్లలు స్టేజీ ఎక్కితే తల్లిదండ్రులు వీడియోలు తీయడమే, ఎవరైనా వచ్చి కలిసి ఆడేది ఒక్కటైనా ఉందా అని. నాది తెనాలి. మా ఆవిడది హన్మకొండ. డబ్బాలోంచి గసగసాల కొలాచీ తీస్తూ తను అంది: "మా దగ్గర బతుకమ్మ లేదా? గుండ్రంగ తిరిగి అందరం ఆడుతం, ఎవ్వలన్న కుర్సీల కూసుంటరా? ఆ కుర్సీలన్నీ మీ దిక్కే."

వెనక సీట్లోంచి మా అమ్మాయి బతుకమ్మ ఎప్పుడు, చప్పట్లు ఎలా కొట్టాలి అని అడగడం మొదలెట్టింది. నేను డ్రైవింగ్ మీద దృష్టి పెట్టాను.