చవితికి దాచిన చిచ్చుబుడ్డి

"బాబాయ్, ఇంకా అంటుకోలేదేంటి?" అంటూ మా అన్నయ్య కూతురు ముందుకి ఉరకబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తుస్సుమన్న చిచ్చుబుడ్డి దగ్గరికి మాత్రం ఎవర్నీ వెళ్లనివ్వను. చాలాసేపు ఆగి, దూరం నుంచే బకెట్ నీళ్లు కుమ్మరించాను.

దీపావళికి మిగిల్చినవి ఈరోజు నాగులచవితికి కాల్చాలని పొద్దున్నే చాటలో పోసి డాబా మీద ఎండబెట్టాం. అయినా మా కోనసీమలో ఈ రోజుల్లో గాలే తడి. మందుకి చెమ్మ తగిలితే ఇంతే.

రెండోది అంటుకుంది! ముందు చిన్నగా బుసకొట్టి, ఒక్కసారిగా చూరంత ఎత్తు లేచింది. ఒక్కో రవ్వ గాల్లోనే చీలి మళ్లీ పువ్వులా విచ్చుకుంది. ఆ బంగారు రంగు ఇనప రజనుది. అందులో ఉండే కాస్త కార్బన్ వల్లే రవ్వ అలా చీలుతుంది. తెల్లటి మెరుపైతే అల్యూమినియం, ఆకుపచ్చ బేరియం, ఎరుపు స్ట్రాన్షియం. ఇవన్నీ దానికి చెప్పబోయాను. అది నోరు తెరుచుకుని చూస్తోంది, ఆపేశాను.

భూచక్రం రెండు చుట్లు తిరిగి గుమ్మం వైపు వచ్చేసరికి అమ్మ కేకలు! బాంబులు అసలు కొనలేదు. ఆ మోతకి మా గేదె బెదిరి పలుపు తెంపుకుంటుంది, పాపం.

ఇప్పుడు వాకిలంతా గంధకం వాసన. అది నా భుజం మీద ఆవలిస్తూ, "వచ్చే చవితిక్కూడా రెండు దాచు బాబాయ్" అంది.

దాస్తానమ్మా.